వేషము, కథ, ఆట

పిల్లలు బొమ్మలపెండ్లి చేయగా చూడని ఇల్లు మనలో అరుదు. ఒకతె పెండ్లికూతురి తల్లి యగును. ఒకడు పురోహితు డగును. పప్పుబెల్లములే విందుభోజన మగును. నడుమ ఎవరో “మగపెండ్లివారు అలుగవలెను కదా!” అందురు. ఆ ఒక్క మాటతో ఆట మలుపు తిరుగును. ఈ చిన్న వినోదములో మూడు పనులు జరుగుచున్నవి. వేషము ధరించుట ఒకటి, కథ అల్లుట రెండవది, ఆటకు కట్టుబాట్లు ఏర్పరచుట మూడవది. పెద్దవారమైన పిదప మనము వీనిని విడదీసి, మొదటిదానిని నటులకును, రెండవదానిని రచయితలకును, మూడవదానిని ఆటవస్తువుల వర్తకులకును అప్పగింతుము.

అట్లు అప్పగింపక మూడింటిని తమ యొద్దనే ఉంచుకొను అభిరుచిపరులు కొందరు కలరు. కంప్యూటరు ముందు కూర్చుండి ఆటలు రూపొందించుచు, లేని రాజ్యములకు పటములు గీయుచు, పాత్రలకు మాటలు వ్రాయుచు గడపు యువకుని చూచి, “ఇది చదువా, వృత్తియా, వట్టి కాలక్షేపమా?” అని ఇంటివారు కలతపడుట సహజము. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు ఈ అభిరుచి నడచివచ్చిన దారిని కొంత తెలిసికొనుట మేలని మా అభిప్రాయము.

1826 జూను నెలలో ఇంగ్లండునందలి హావర్త్ గ్రామమున ప్యాట్రిక్ బ్రాంటీ యను మతాచార్యుడు తన కుమారుడు బ్రాన్‌వెల్ కొరకు ఒక పెట్టెడు కొయ్యసిపాయిలను కొనితెచ్చెను. బాలుడు వానిని అక్కచెల్లెండ్రతో పంచుకొనెను. షార్లెట్, ఎమిలీ, ఆన్ తలకొక సిపాయిని ఎన్నుకొని పేరుపెట్టిరి. అప్పటికి షార్లెట్ వయస్సు 10 ఏండ్లు. ఆన్ వయస్సు 6 ఏండ్లు. సిపాయిలకు రాజ్యము కావలసివచ్చెను. రాజ్యమునకు పటము, చరిత్ర, పత్రిక కావలసివచ్చెను. పిల్లలు అరచేతిలో ఇముడు చిట్టి పుస్తకములు కుట్టి, అచ్చును పోలిన సూక్ష్మాక్షరములతో నింపిరి. క్రమముగా షార్లెట్, బ్రాన్‌వెల్ కలసి ‘ఆంగ్రియా’ యను రాజ్యమును, ఎమిలీ, ఆన్ కలసి ‘గాండల్’ అను రాజ్యమును కల్పించుకొనిరి.

ఈ ఆట బాల్యముతో ముగియలేదు. 1845లో ఎమిలీ, ఆన్ యార్క్ నగరమునకు ప్రయాణము చేసినప్పుడు దారిపొడుగున గాండల్ పాత్రలుగా నటించిరి. అప్పటికి ఎమిలీకి 26 ఏండ్లు, ఆన్‌కు 25 ఏండ్లు. మరి రెండేండ్లకు, 1847లో, షార్లెట్ ‘జేన్ ఐర్’, ఎమిలీ ‘వదరింగ్ హైట్స్’, ఆన్ ‘ఆగ్నెస్ గ్రే’ నవలలు వెలువడినవి. ఇరువదేండ్ల ఆట వారికి ఇరువదేండ్ల సాధన యయ్యెను. అయితే దీనికి రెండవ పార్శ్వము కూడ కలదు. షార్లెట్ ఉపాధ్యాయినిగా పనిచేయు దినములలో ఆంగ్రియా ఊహలు ఆమెను పాఠములనుండి లాగివేయుచు బాధించినవి. 1839 ప్రాంతమున ఆమె ఆ రాజ్యమునకు వీడ్కోలు పలుకుచు ఒక రచన చేయవలసివచ్చెను. కల్పనకు తలుపు తెరచుట ఎంత అవసరమో, వేళకు మూయుట కూడ అంత అవసరమని ఆమె జీవితము తెలుపుచున్నది.

ఇక అమెరికాకు వత్తము. అచట మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరములలో కొందరు బొమ్మసైన్యములతో చరిత్రనాటి యుద్ధములను బల్లపై ఆడుచుండిరి. 1969లో వారిలో డేవిడ్ వెస్లీ యను నాతడు ఒక క్రొత్త ఏర్పాటు చేసెను. ఆటగానికి సేనను కాక ఒక మనుష్యుని ఇచ్చెను: ఒకరు నగరపాలకుడు, ఒకరు బ్యాంకరు, ఒకరు విశ్వవిద్యాలయాధిపతి. ఆటగాండ్రు క్రమము తప్పి, మూలలకు పోయి గుసగుసలాడి, రహస్యపు ఒప్పందములు చేసికొనసాగిరి. ఆట చెడినదని వెస్లీ తలచెను. ఆడినవారు మాత్రము మరల ఎప్పుడని అడిగిరి. ఆ బృందములోని డేవ్ ఆర్నెసన్ అనువాడు ఈ పద్ధతిని ‘బ్లాక్‌మూర్’ అను కల్పిత దేశమునకు మార్చెను. 1972 చివర ఆతడు విస్కాన్సిన్ రాష్ట్రములోని లేక్ జెనీవాకు పోయి గ్యారీ గైగాక్స్ అను మరియొక అభిరుచిపరునకు దానిని ఆడి చూపెను. వారిరువురి పేర 1974 జనవరిలో ‘డంజెన్స్ అండ్ డ్రాగన్స్’ వెలువడెను. ఒక పెట్టె, అందు మూడు చిన్న పుస్తకములు. వెల 10 డాలర్లు. తొలి ముద్రణ 1000 ప్రతులు.

ఈ ఆట నడచు తీరు ఇట్టిది. నిర్వాహకుడు చోటును మాటలతో వర్ణించును: “మీ ముందు పాడుబడిన కోట, ద్వారము ఓరగా తెరచియున్నది, లోపల నీళ్ళ చప్పుడు.” ఆటగాడు తన పాత్ర పక్షమున ఏమి చేయునో చెప్పును. ఫలము సందిగ్ధమైనచో 20 ముఖములు గల పాచిక వేయుదురు. పడిన పందెమును బట్టి కథ సాగును. వ్రాసిన నాటకము లేదు. గెలుపోటములు కూడ మామూలు అర్థమున లేవు. శబ్దముతో పనిచేయు మాకు ఈ ఏర్పాటు చిరపరిచితముగ తోచును. శ్రవ్యనాటికలో మేము ద్వారపు కిర్రుమను ధ్వనిని మాత్రమే అందింతుము. కోటను కట్టుకొనువాడు శ్రోతయే. భేద మేమనగా, ఇచట శ్రోత లేచి ఆ కోటలోనికి నడచిపోగలడు.

ఈ కథలో చేదు కూడ కలదు. గైగాక్స్ 1970లో బీమా సంస్థలోని ఉద్యోగము పోగా, చెప్పులు బాగుచేయు పనితో సంసారము నీడ్చెను. ఆట వర్ధిల్లి వ్యాపార మైన తరువాత, కర్తృత్వపు ప్రతిఫలమును గూర్చి 1979లో ఆర్నెసన్ న్యాయస్థానమున కెక్కెను. 1981లో రాజీ కుదిరెను. 1985లో గైగాక్స్ తాను స్థాపించిన సంస్థపైననే అధికారము కోల్పోయెను. స్నేహముతో పుట్టిన పనిలో సైతము ఎవరి పాలు ఎంతయో ముందుగా కాగితముపై వ్రాసికొనుట మంచిది.

వ్యాపారముతో నిమిత్తము లేని ఉదాహరణ మరియొకటి కలదు. విల్ క్రౌథర్ అను కంప్యూటరు నిపుణుడు కెంటకీ రాష్ట్రములోని మామత్ గుహలను అన్వేషించి పటములు గీసినవాడు. పైని చెప్పిన ఆటను మిత్రులతో ఆడినవాడు. వివాహబంధము తెగిన పిదప తన కుమార్తెలకు దూరమగుచున్నానన్న దిగులుతో, వారు వచ్చినప్పుడు ఆడుకొనుటకై 1975-76 ప్రాంతమున ఒక కంప్యూటరు ఆటను వ్రాసెను. అందు బొమ్మలు లేవు. యంత్రము గుహను మాటలలో వర్ణించును. ఆడువారు ఒకటి రెండు మాటలు టైపుచేసి ముందునకు పోవుదురు. 1977లో డాన్ వుడ్స్ దానిని పెంచి పూర్తిచేసెను. కంప్యూటరుపై కథ నడిపించు ఆటలలో అది ఆద్యమైనవానిలో ఒకటి. ఒక తండ్రి తన బిడ్డలకై కట్టిన ఆట, ఆ విధముగా ఒక కళాశాఖకు మొలక యయ్యెను.

ఇప్పుడు ఇంటివారి ప్రశ్నకు వత్తము. ఈ అభిరుచి అన్నము పెట్టునా యన్నచో, పెట్టునని హామీ ఇచ్చుట మాకు తరము కాదు. అది మేలు చేయుచున్నదా లేదా తెలిసికొనుటకు మాత్రము మూడు గుర్తులు చాలును. మొదటిది, ఆరంభించిన ఆటనో కథనో చిన్నదైనను ముగించుచున్నాడా? రెండవది, దానిని ఇతరులచేత ఆడించి, వారు తన క్రమమును తప్పినప్పుడు విసుగుకొనక గమనించుచున్నాడా? మూడవది, పిలిచినప్పుడు తలుపు మూసి భోజనమునకు లేచి వచ్చుచున్నాడా? ఈ మూడును ఉన్నచో, నిందింపక ఒకసారి ప్రక్కన కూర్చుండి, “నీ రాజ్యములో నాకొక వేషము కలదా?” అని అడిగి చూడుడు.