పొట్టకు ఆపరేషన్, భుజానికి నొప్పి!

దూర్బీనుతో పిత్తాశయం తీయడం మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో డాక్టర్ ఉద్వాడియా మొదలుపెట్టారు. భివండీ పద్మనగర్‌లో మా వదినకూ ఆ ఆపరేషనే అయింది. ఇంటికొచ్చాక భుజం ఒకటే పీకుడు! గుండెపోటేమోనని అన్నయ్య హడలిపోయాడు. డాక్టరుగారు చూసి, గుండెకేమీ లేదు, గ్యాసేనన్నారు.

ఆపరేషన్లో చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. అది ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న కండరపు తెరను రేపుతుంది. ఆ తెర నరమూ భుజం నరమూ మెడలో ఒకేచోట పుడతాయి. అందుకే నొప్పి భుజంలో తెలుస్తుంది. వాము నీళ్ళు పేగుల గ్యాసుకేమో గానీ, దీని దాకా చేరవు. మెల్లగా నడక, భుజానికి కాపడం, రాసిచ్చిన మాత్ర చాలు. సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఆయాసం, ఛాతీనొప్పి, జ్వరం, పొట్ట గట్టిపడటం, పిక్క వాపు ఉంటే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

మూడోనాడు వదిన సాంచాల చప్పుడు మధ్య గల్లీలో నడిచింది. బిందె మాత్రం ఎత్తనివ్వలేదు.