అందరికీ రీసెట్, ఆ ఇద్దరికి తప్ప: 'స్టార్‌గేట్ ఎస్‌జీ-1'లో నా ఫేవరెట్ ఎపిసోడ్

ఫ్రెండ్స్, ఈ వారం ఫోన్ రివ్యూ లేదు. టెస్టింగ్‌కి తీసుకున్న ఫోన్‌ని ఒకే రోజు మూడుసార్లు ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సొచ్చింది. మూడోసారి భాష ఎంచుకోమని స్క్రీన్ అడిగేసరికి నాకు కల్నల్ ఓనీల్ చేతిలోని చెంచా గుర్తొచ్చింది. రాత్రి ఆ ఎపిసోడ్ మళ్లీ పెట్టుకుని చూశా.

పేరు 'విండో ఆఫ్ ఆపర్చునిటీ'. నాలుగో సీజన్‌లో ఆరోది, 2000 ఆగస్టులో వచ్చింది. కింద స్పాయిలర్లు ఉన్నాయి. పాతికేళ్లయింది కదా, ఏమనుకోకండి.

ఒక గ్రహం మీద మలికాయ్ అనే ఆర్కియాలజిస్ట్ పురాతన యంత్రాన్ని ఆన్ చేస్తాడు. పక్కనే ఉన్న ఓనీల్‌కీ, టీల్క్‌కీ ఆ కాంతి తగులుతుంది. కట్ చేస్తే ఓనీల్ మళ్లీ బేస్ క్యాంటీన్‌లో, చెంచా నోటి దగ్గర పెట్టుకుని, డేనియల్ అడిగిన ప్రశ్నకి తెల్లమొహం వేస్తూ ఉంటాడు. పది గంటలు గడుస్తాయి, మళ్లీ అదే చెంచా. గిన్నెలో ఉన్నది ఫ్రూట్ లూప్స్! టీల్క్ పరిస్థితి ఇంకా ఘోరం. ప్రతి లూప్‌లోనూ ఎవరో తీసిన తలుపు వచ్చి ముఖానికి తగులుతుంది.

జరిగింది ఈ ఇద్దరికే గుర్తుంటుంది. యంత్రం మీది లిపి చదవగలిగేది డేనియల్, కానీ పది గంటలకోసారి అతని మెమరీ ఖాళీ. కాగితం మీద రాసుకున్నా అంతే. క్లౌడ్ లేదు, బ్యాకప్ లేదు, ఉన్న స్టోరేజ్ అంతా రెండు బుర్రలే. అందుకే చదువంటే ఆమడ దూరం పరిగెత్తే ఓనీల్ కూర్చుని ఒక ప్రాచీన భాష నేర్చుకోవాల్సొస్తుంది. టైమ్ లూప్ కథల్లో ఇంత పక్కాగా కుదిరిన రూల్ నేను పెద్దగా చూడలేదు.

ఏం చేసినా అడిగేవాడు లేడు కదా అని డేనియల్ అమాయకంగా అంటాడు. ఇక చూస్కోండి! స్టార్‌గేట్ లోంచి వేరే గ్రహానికి గోల్ఫ్ బంతులు కొట్టడం, కుండలు చేయడం, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి అందరి ముందూ కార్టర్‌ని ముద్దుపెట్టుకోవడం. నేను మొదట్లో దీన్ని చూసింది ఈ అల్లరి కోసమే.

ఇప్పుడు మాత్రం చివర్లో మలికాయ్ సీన్ కోసం చూస్తున్నా. అతను విలన్ కాదు. చనిపోయిన భార్యతో ఇంకొంత కాలం గడపాలని వెనక్కి వెళ్లాలనుకుంటాడు, అంతే. ఆ యంత్రం కట్టినవాళ్లే దాన్ని దారికి తేలేక వదిలేశారని చెప్పినా వినడు. అప్పుడు ఓనీల్ తన కొడుకు సంగతి ఎత్తుతాడు. తన పిస్టల్ పేలి ఆ పిల్లాడు పోయాడని 1994 నాటి సినిమా నుంచీ మనకు తెలుసు. ఆ బాధ ఇంకోసారి పడలేనంటాడు. ఎపిసోడ్ అంతా జోకులేసిన మనిషి గొంతు అక్కడ మారిపోతుంది.

మా నాన్న కీప్యాడ్ ఫోన్ ఒకటి నా డ్రాయర్‌లో ఉంది. బ్యాటరీ ఉబ్బిపోయింది. అందులో ఆయన గొంతు పదకొండు సెకన్లు ఉంది, 'కరెంటు బిల్లు కట్టావా' అని. డేటా ఎలా తీయాలో నాకు తెలుసు, మీకూ బోలెడుసార్లు చెప్పా. ఇది మాత్రం ఇంకా తీయలేదు.

మలికాయ్ యంత్రం ఆపేస్తాడు, మర్నాడు వస్తుంది. లూప్‌లో ఏమైనా పిచ్చిపని చేశావా అని డేనియల్ అడుగుతాడు. ఓనీల్ ఏం చెప్పడు. కార్టర్ వైపు చూసి నవ్వుతాడు.