సీతాకోకచిలుకలకు రెక్కబంతి అంటే ఎందుకంత ఇష్టం?

రెడ్డిగూడెంలో మామిడి పూతకొచ్చే సంక్రాంతి రోజుల్లో గొబ్బెమ్మల మీద బంతిపూలు ఉండాల్సిందే. మన పువ్వే అనిపిస్తుంది గానీ, దీని పుట్టిల్లు మెక్సికో!

ఒక రెక్కబంతి పువ్వును విప్పి చూడండి. మీరు రేక అనుకునే ప్రతిదీ ఒక చిన్న పువ్వే. దాని అడుగున సన్నని నల్ల గింజ తయారవుతుంది. మధ్యలో గొట్టాల్లాంటి బుల్లి పూలుంటాయి. తేనె ఎక్కువగా వాటిలోనే. సీతాకోకచిలుక ఒక్కసారి వాలి, చుట్టుకున్న తొండం చాపి, గొట్టం తర్వాత గొట్టం తాగేస్తుంది. ముద్దబంతిలో ఆ గొట్టాలు చాలావరకు రేకలుగా మారిపోతాయి. చూడ్డానికి నిండుగా ఉంటుంది, సీతాకోకచిలుకకు మాత్రం విందు తక్కువ!

రెక్కబంతి పెంచాలంటే అక్టోబరులో గింజలు చల్లి, నెలలోపు నారు నాటండి. జానెడు ఎదిగాక తల తుంచండి. కొన మొగ్గ పోతే పక్క కొమ్మలు లేస్తాయి, పూలూ పెరుగుతాయి. వాడిన పూలు కోసేస్తుండాలి. ఒక్క కాలమే బతికే మొక్క కదా, గింజ కట్టాక పూయడం తగ్గిస్తుంది.

తినొచ్చా? రేకలు తినొచ్చు, అడుగున తెల్లభాగం చేదు. గుడ్డు సొనకు మంచి రంగు రావాలని కోళ్ల దాణాలోనూ బంతి రేకల పొడి కలుపుతారు. బజారు దండల్లోని పూలు మాత్రం నోట్లో పెట్టకండి, వాటికి పురుగుమందు కొట్టి ఉండొచ్చు.