ఆపరేషన్ ఫ్రీ, పట్నం పోవుడే ఖర్చు

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది మూడు జిల్లాల్లోనే: అనంతపురం, శ్రీకాకుళం, మా మహబూబ్‌నగర్. మహిళా సంఘంలో లెక్కలు రాసే నన్ను ఆరోగ్యమిత్రగా తీసుకున్నారు. అచ్చంపేట వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బల్ల వేసి, రిజిస్టరు ఇచ్చి కూర్చోబెట్టారు. తెల్ల రేషన్ కార్డు పట్టుకుని వచ్చినవాళ్ల పేరు రాసుకోవాలి, డాక్టరుకు చూపించాలి, చీటీ రాయించి పట్నం దవాఖానకు పంపాలి. అదే నా పని.

అంతకు ముందు గుండె ఆపరేషన్ అంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవాల్సిందే. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఆ నిధి నుంచి 55 వేలకు పైగా కేసులకు 168 కోట్లు ఇచ్చారు. అది అర్జీ పెట్టగలిగినవాళ్ల లెక్క. పెట్టడం చేతగాక ఎకరమో అరెకరమో అమ్ముకున్నవాళ్లు మా ఊళ్లలో ఎంతమందో నాకు తెలుసు.

ఆరోగ్యశ్రీ వచ్చాక కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. ఆపరేషన్, మందులు, రోగికి తిండి, తిరుగు ప్రయాణం ఛార్జీ అన్నీ ప్యాకేజీలోనే. ఈ మాట చెప్పుకుంటూ తండా తండా తిరిగాను.

ఒక తండా నుంచి వచ్చిన ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు. గుండె కవాటం చెడింది. చీటీ రాయించి ఇచ్చాను. రెండు నెలలైనా పోలేదు. ఇంటికి పోయి కోపం చేశాను.

"ఆపరేషన్ ఫ్రీ అంటున్నవ్ అక్కా, మంచిగనే ఉన్నది. నాతోని ఇంకొకరు రావాలె గదా. ఇద్దరి కైకిలి పోతది. బస్సు కిరాయి, తోడొచ్చినోళ్ల తిండి ఎవరిస్తరు? పిల్లలను ఎవరు చూస్తరు?"

పెనిమిటి పుణెలో మేస్త్రి కింద పనికి పోయాడు. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా రాలేడు. నా రిజిస్టరులో ఈ ఖర్చులు రాసే గడి లేదు.

చివరికి ఐదు వేలు మూడు రూపాయల మిత్తికి తెచ్చుకుని, తమ్ముణ్ణి తోడు తీసుకుని పోయింది. అక్కడ ఒక ప్రైవేటు దవాఖానలో మంజూరు రాకముందే పరీక్షలని చెప్పి పైసలు కట్టించుకున్నారు, రసీదు ఇవ్వలేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసి అడిగినా ఆ పైసలు తిరిగి రాలేదు. ఆపరేషన్ మాత్రం బాగా చేశారు. ఆమె బతికింది, మళ్లీ పల్లీ చేన్లకు పనికి పోయింది. ఆ అప్పుకు రెండేళ్లు మిత్తి కట్టింది.

ఇది ఒక్క తండా ముచ్చట అనుకున్నాను చాలా రోజులు. తర్వాత ఒక శిక్షణలో తెలిసింది, విక్టోరియా ఫ్యాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ అనే ముగ్గురు పరిశోధకులు 2012లో ఇదే పథకం మీద ఒక వ్యాసం అచ్చువేశారని. వాళ్లు చేసింది మామూలు మాటల్లో చెబుతాను. పథకం ముందుగా వచ్చిన మా వంటి జిల్లాలను, అప్పటికి ఇంకా రాని జిల్లాలను పక్కపక్కన పెట్టారు. పథకానికి ముందు ఇంటి జేబులోంచి దవాఖానకు ఎంత పోయేది, తర్వాత ఎంత పోయింది అని రెండుచోట్లా చూశారు. మొదటి తొమ్మిది నెలల్లోనే దవాఖానలో చేరినప్పటి ఖర్చు మా వైపు గట్టిగా తగ్గింది. కానీ ఇంటిని కుప్పకూల్చేంత పెద్ద ఖర్చు తగ్గిందని మాత్రం స్పష్టంగా తేలలేదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతావాళ్లకు అందినంత మేలు అందలేదని కూడా తేలింది.

ఆ చివరి మాట వినగానే నాకు ఆ తండా గుడిసె కళ్లముందు కనిపించింది.

2017-18లో జరిగిన జాతీయ సర్వేలో, దేశంలోని పల్లెల్లో ఒకసారి సర్కారు దవాఖానలో చేరితే సగటున 4,290 రూపాయలు, ప్రైవేటులో చేరితే 27,347 రూపాయలు వైద్యానికి ఖర్చయినట్లు తేలింది. అందుకే దగ్గరలో మంచి సర్కారు దవాఖాన ఉండడమే పేదవాడికి అన్నిటికన్నా పెద్ద కార్డు అంటాను. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు పెంచారు, సంతోషమే. నాకు అంతకన్నా ఎక్కువ ధైర్యమిచ్చింది మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో, నాగర్‌కర్నూల్‌లో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు రావడం. మాకు దగ్గరి నాగర్‌కర్నూల్‌లోనే వైద్యం అందితే తోడుపోయిన మనిషి సాయంత్రానికి ఇల్లు చేరతాడు, తెల్లారి కైకిలికి పోతాడు. ఆ కాలేజీల్లో డాక్టర్ల పోస్టులు ఖాళీగా ఉంచకుండా నింపాలి. తోడు వచ్చినవాళ్ల కూలికి కూడా ప్యాకేజీలో ఒక గడి పెట్టాలి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరికైనా ఆపరేషన్ అన్నారా? పైసా కట్టకముందు ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో అడగండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. చదువు రానివాళ్లయితే మీరు తోడుపోయి, మీరే అడగండి.