శిల్పమును నిలుపుట

శిల్పమనగానే మనకు ఉలియు, సుత్తియు, వానిని పట్టిన స్థపతియు స్ఫురింతురు. రాతినుండి రూపము వెలువడుటయే శిల్పకళయని భావించి, రూపము పూర్తియైనంతనే పని ముగిసినదని తలంతుము. కాని చెక్కిన చోటనే ఉండిపోవు విగ్రహములు అరుదు. శిల్పము శిల్పశాలనుండి బయలుదేరి, దారి నడిచి, తనకు నిర్ణయింపబడిన పీఠమునెక్కి, నలుగురు తిరుగాడు చోట పదికాలములు కదలక నిలువవలెను. ఈ రెండవ సగము పనికి కీర్తి తక్కువ, అపాయము ఎక్కువ. దానిని గూర్చియే మేమీ వ్యాసమున వివరింపదలచితిమి.

దేవాలయమున విగ్రహమును ప్రతిష్ఠించుటకు ఆగమశాస్త్రము విధులను ఏర్పరచినది. బహిరంగ స్థలమున నిలుపు శిల్పమునకు అట్టి శాస్త్రము లేదు. పూర్వము రాజులు శిల్పములు చేయించిరి. నేడు ప్రభుత్వములు, పురపాలక సంఘములు, వ్యాపార సంస్థలు, పెద్ద హోటళ్లు చేయించుచున్నవి. చేయించువారు మారినను మొదటి నియమము మారలేదు: శిల్పి రాతిని చూచుటకు ముందు స్థలమును చూడవలెను.

ఒక హోటలులోని పెద్ద హాలును ఊహింతము. అచట జనులు కూర్చుండి శిల్పమును చూచుటకు రారు. పెట్టెలతో వత్తురు, పోదురు. పిల్లలు పరుగెత్తుదురు. అందుచే శిల్పి అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి. ద్వారమునుండి వచ్చువారికి శిల్పముయొక్క ముఖము కనబడునా, వీపు కనబడునా? చేతికందు భాగము లేవి? అందిన యెడల పట్టుకొని వ్రేలాడువారి బరువును అవి ఓర్చునా? పగటి వెలుతురులో ఎట్లుండును, రాత్రి దీపముల వెలుగులో ఎట్లుండును? అన్నిటికంటె ముఖ్యమైనది: అది ఆ ద్వారమున పట్టునా? తలుపు వెడల్పు కొలువక శిల్పమును సిద్ధపరచినచో, తుదకు శిల్పమునో గోడనో పగులగొట్టవలసివచ్చును. కనుకనే పెద్ద శిల్పములను తరచుగా భాగములుగా చేసి, స్థలమునకు చేర్చిన పిమ్మట కూర్చుచుందురు.

కొత్త ఢిల్లీలో మౌర్యుల పేరు పెట్టుకొన్న ఒక పెద్ద హోటలు కలదు. అందు మీరా ముఖర్జీ (1923–1998) రూపొందించిన అశోక చక్రవర్తి కంచు విగ్రహము నిలిచియున్నది. ఆమె బస్తరు ప్రాంతపు లోహకారులయొద్ద మైనపు అచ్చుతో పోతపోయు పద్ధతిని అభ్యసించి, పల్లె పనివారు చిన్న బొమ్మలకు వాడు ఆ విద్యను మహావిగ్రహమునకు ఉపయోగించెను. అంతటి విగ్రహమును ఒక్క పోతలో పోయుట కష్టము. కనుక ముక్కలుగా పోసి కూర్చిరి. మౌర్యుల పేరుగల చోట కళింగ యుద్ధమును తలపించు అశోకుడు నిలుచుట ఉచితముగా నున్నది. స్థలమునకును శిల్పమునకును పొత్తు కుదిరిన, చూచువానికి వేరొక వివరణ అక్కరలేదు.

స్థలము నిర్ణయమైన పిమ్మట ఒడంబడిక వ్రాసికొందురు. రాయి, కూలి, గడువు మాత్రమే వ్రాసిన చాలదు. శిల్పమును తెచ్చు బాధ్యత ఎవరిది, పీఠము కట్టువారెవరు, దారిలో దెబ్బతినిన నష్టము ఎవరిది, పనివారికి భీమా ఎవరు చేయింపవలెను, తరువాత శుభ్రపరచువారెవరు అను విషయములను స్పష్టపరచుకొనవలెను. స్పష్టపరుపని బాధ్యత సాధారణముగా బలహీనుని నెత్తిననే పడును.

ఇక బరువు సంగతి. ఒక ఘనపుటడుగు నల్లరాయి సుమారు 75 కిలోగ్రాములు తూగును. ఆరడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల మందము గల దిమ్మె 24 ఘనపుటడుగులు. అనగా 1,800 కిలోగ్రాములు. చెక్కుటలో మూడవ వంతు పోయినను 1,200 కిలోగ్రాములు మిగులును. ఇది నాలుగు చదరపుటడుగుల మీద నిలిచిన, ఒక్కొక్క చదరపుటడుగుపై 300 కిలోగ్రాములు పడును. చదరపు మీటరునకు లెక్కించిన అది మూడువేల కిలోగ్రాములను మించును. జనులు తిరుగుటకై కట్టిన మేడ అంతస్తులు చదరపు మీటరునకు కొన్ని వందల కిలోగ్రాముల బరువునకే లెక్కింపబడియుండును. కావున శిల్పమును దూలములపైనో స్తంభముపైనో వచ్చునట్లు నిలిపి, విశాలమైన పీఠముచే బరువును పంచవలెను. ఈ లెక్క చేయవలసినది శిల్పి కాదు, ఇంజనీరు. కనుక ఇద్దరును మొదటినుండి కలిసి పనిచేయుట మేలు.

బరువు తరువాత స్థిరత్వము. భౌతికశాస్త్రమున మనము గరిమనాభిని గూర్చి చదువుచున్నాము. గరిమనాభినుండి క్రిందికి గీచిన నిలువు గీత ఆధారపీఠము లోపల పడినంతవరకు వస్తువు పడిపోదు. కూర్చున్న బుద్ధునికి ఈ చింత లేదు. ఒంటికాలిపై నర్తించు మూర్తికి ఈ చింత తప్పదు. అందుచే శిల్పము అడుగునను పీఠమునందును రంధ్రములు తొలిచి, లోహపు కడ్డీలను దిగవేసి బిగింతురు. ఇనుప కడ్డీ తడి తగిలి త్రుప్పుపట్టిన ఉబ్బి రాతిని చీల్చును. కనుక త్రుప్పుపట్టని ఉక్కును వాడుదురు.

ఎత్తుటయందును నియమములు కలవు. మోకులను మెడకును చేతులకును తగిలింపరాదు. బలమైన మొండెము చుట్టునే వేయవలెను. మోకునకును రాతికిని నడుమ గోనెగాని మెత్తని గుడ్డగాని ఉంచవలెను. వ్రేలాడు బరువు క్రింద ఏ మనుష్యుడును నిలువరాదు. ఆజ్ఞ ఇచ్చువాడొక్కడే ఉండవలెను. నలుగురు నాలుగు కేకలు వేసినచో క్రేను నడుపువాడు ఎవరి మాట వినును?

శిల్పముల దూరప్రయాణము మన ప్రాంతమునకు కొత్తది కాదు. చెన్నపట్టణమున ఐలెండు మైదానము చెంత గుఱ్ఱముపై కూర్చున్న సర్ తామస్ మన్రో విగ్రహమును మనలో పలువురు చూచియుందురు. దత్తమండలములకు కలెక్టరుగా పనిచేసి, పిమ్మట మద్రాసు గవర్నరైన మన్రో 1827లో కర్నూలు సీమలోని పత్తికొండయందు కలరాచే మరణించెను. జనులు చందాలు వేసికొని లండనులోని శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీచే ఈ కంచు విగ్రహమును చేయించిరి. అది ఓడపై సముద్రములు దాటి వచ్చి 1839లో పీఠమునెక్కెను. గుఱ్ఱమునకు జీనును, రికాబులును లేకపోవుటను గూర్చి జనులు నేటికిని ముచ్చటించుకొందురు.

నీటిపై సాగిన ప్రయాణములన్నియు ఇట్లు క్షేమముగా ముగియలేదు. హైదరాబాదు హుస్సేన్ సాగరమునందలి బుద్ధ విగ్రహ చరిత్రయే ఇందుకు తార్కాణము. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎన్. టి. రామారావు అమెరికాలోని స్వేచ్ఛాదేవి విగ్రహమును చూచి, తన రాజధానియందును అట్టి మహావిగ్రహము ఉండవలెనని సంకల్పించెను. రాయిగిరి సమీపమున తగిన ఏకశిల లభించెను. 1985లో పని ఆరంభమయ్యెను. ఎస్. ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యమున శిల్పులు సుమారు 58 అడుగుల ఎత్తుగల బుద్ధుని చెక్కిరి. దాని బరువు సుమారు 350 టన్నులు.

1988 నవంబరులో ఆ విగ్రహమును 192 చక్రములుగల ట్రైలరుపై నగరమునకు తరలించిరి. ఆత్తిపట్టు విద్యార్థులకు ఇట్టి వాహనములు అపరిచితములు కావు. మన చెంతనే ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రమును, ఎన్నూరు కామరాజర్ రేవును ఉన్నవి గదా! భారీ యంత్రభాగములను మోయు బండ్లకు అన్ని చక్రములేల అని మీకు తోచియుండును. బుద్ధుని బరువును 192చే భాగించి చూడుడు: ఒక్కొక్క చక్రమునకు రెండు టన్నులలోపే వచ్చును. బరువు తగ్గలేదు, పంచబడినది. హోటలు నేలపై పీఠము చేయు పనినే ఇచట చక్రములు చేసినవి.

నేలపై ప్రయాణము సుఖముగా ముగిసెను. మిగిలినది సరస్సు నడుమనున్న పీఠమునకు చేర్చుట. దూరము స్వల్పమే, కాని అది నీరు. విగ్రహమును పంటుపై, అనగా అడుగు చదునుగా నున్న పెద్ద పడవపై, చేర్చవలసియుండెను. 350 టన్నులను మోయు పంటు తేలవలెనన్న 350 ఘనమీటర్ల నీటిని అదనముగా తొలగింపవలెనని ఆర్కిమిడీసు సూత్రము తెలుపుచున్నది. ఈ లెక్క సులభము. చిక్కు అంతయు స్థిరత్వముతోనే. నేలపై ఆధారము కదలదు. నీటిపై ఆధారమే కదలును. బరువు ఒక ప్రక్కకు ఒరిగిన ఆ ప్రక్క మునుగును; మునిగినకొలది బరువు మరింత ఆ ప్రక్కకే జారును. ఒకసారి జారుట మొదలైన తరువాత ఆపుట మానవశక్తికి మించిన పని.

1990 మార్చి 10వ తేదీన అట్లే జరిగెను. బయలుదేరి నూరు గజములు సాగెనో లేదో, విగ్రహము ఒరిగి సరస్సులో పడిపోయెను. దానితోపాటు పనివారు పలువురు మునిగి మరణించిరి. అప్పటికి రామారావు ముఖ్యమంత్రి పదవియందు లేకుండెను. బుద్ధుడు రెండు సంవత్సరములకు పైగా నీటి అడుగున శయనించియుండెను.

వెలికితీయుటయందును శాస్త్రమే తోడ్పడవలెను. 350 టన్నుల నల్లరాయి సుమారు 130 ఘనమీటర్ల చోటు ఆక్రమించును. కావున నీటిలో దానిపై 130 టన్నుల ఉత్ప్లవన బలము పనిచేయును. ఎత్తువానికి తోచు బరువు 220 టన్నులు మాత్రమే. కాని అడుగునగల బురద పట్టు దీనికి తోడగును. నీటినుండి పైకి వచ్చినకొలది ఆ తేలిక తొలగి పూర్తి బరువు మీద పడును. తుదకు 1992 డిసెంబరు 1వ తేదీన విగ్రహము పీఠముపై నిలిచెను. రాయి చెక్కుచెదరలేదు. 2006లో దలైలామా దానికి ప్రతిష్ఠా సంస్కారము జరిపిరి.

రాయి చెక్కుచెదరలేదనుట మనకు సంతోషకరమే. కాని రాయి మునిగిన తేలును, మనిషి మునిగిన తేలడు. ఈ విగ్రహమును తలచునపుడు చేయించినవారి పేరు చెప్పుదుము, చెక్కినవారి పేరు చెప్పుదుము. తరలించుచు ప్రాణములర్పించిన వారి పేర్లు మనలో ఎందరికి తెలియును? ప్రారంభోత్సవ దినము, ఖర్చు, అలంకరణము ముందు నిర్ణయించి, పనివాని రక్షణను చివరకు తలచుట ఏ కాలమునందును తగదు. ఒడంబడికలో మొదటి పంక్తి అదియే కావలెనని మా అభిప్రాయము.

ఈ సత్యమునే శిల్పముగా మలచిన కళాకారుడు మన చెన్నపట్టణముననే పనిచేసెను. మద్రాసు కళాశాలకు మొదటి భారతీయ ప్రధానాచార్యుడైన దేవీప్రసాద్ రాయ్ చౌదరి నిర్మించిన ‘శ్రమ విజయము’ 1959లో మెరీనా తీరమున నిలుపబడెను. అందు రాజు లేడు, నాయకుడు లేడు. నలుగురు శ్రామికులు ఒక పెద్ద బండను కదలించుటకు ప్రయాసపడుచున్నారు, అంతే. వారి నరముల బిగువు, వంగిన నడుములు, నేలను త్రొక్కిన పాదములు చూడుడు. శిల్పములను నిలిపినవారికే నిలిపిన శిల్పమది.

విద్యార్థులారా! ఆత్తిపట్టు స్టేషనులో రైలెక్కి ఒక సెలవుదినమున మెరీనాకు పోయిరండు. ఆ నలుగురి చుట్టును ఒకసారి తిరిగి, బరువు ఎచట పడుచున్నదో, ఎవరి పాదము ఎచట ఆనుచున్నదో పరిశీలింపుడు. ఆ పిమ్మట మీరు ఏ హోటలు హాలులోనైనను, ఏ కూడలిలోనైనను ఒక విగ్రహమును చూచినప్పుడు, దీనిని చెక్కినవారెవరని మాత్రమే గాక, దీనిని ఇచటికి తెచ్చి నిలిపినవారెవరని కూడ అడుగుదురని మా ఆశ.