రోళ్లపాడు బీడు, బట్టమేక పిట్ట

నందికొట్కూరు దాటి మిడ్తూరు వైపు వెళ్తుంటే చెట్టు కనిపించడమే గగనం. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా తుప్పలు, పైన బోలెడంత ఆకాశం. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం ఇదే. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు ‘అడవేదీ?’ అని అడిగితే తప్పులేదు. గడ్డినేలను బంజరు అనడం మనకు అలవాటే. ఆ బంజరునే కోరుకున్నది బట్టమేక పిట్ట.

ఎత్తు సుమారు మీటరు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. గూడు అల్లదు, నేల మీదే గుడ్డు పెడుతుంది. అదీ సాధారణంగా ఏడాదికి ఒక్కటే. శత్రువు దూరాన ఉండగానే కనిపించాలి కాబట్టి దానికి చెట్టుచేమ అడ్డులేని మైదానం కావాలి. 1988లో ప్రధానంగా దీని కోసమే 600 హెక్టార్ల పైచిలుకు నేలను అభయారణ్యంగా ప్రకటించారు.

మనిషి నాగలి పట్టగానే పిట్ట పారిపోయిందనుకుంటే పొరపాటు. వానను నమ్ముకుని జొన్న, వేరుశనగ, పప్పుధాన్యాలు వేసినన్నాళ్లూ రైతు చేను కూడా దానికి మేతబీడే. మిడతలు పట్టుకునేది, గింజలు ఏరుకునేది. చిక్కు నీళ్లతో వచ్చింది. కాలువలొచ్చాయి, పక్కనే అలగనూరు జలాశయం వచ్చింది, బీళ్లు పొలాలయ్యాయి. నీటి కోసం తరాలుగా మొగులు చూసిన సీమ రైతును తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ పురుగుమందు కొట్టిన చేలో మిడత మిగలదు. ఆపైన కరెంటు తీగలు. ఈ పిట్టకు కళ్లు తలకు పక్కల ఉంటాయి. ఎదురుగా ఉన్న తీగ దగ్గరికొచ్చేదాకా ఆనదు. ఆనేసరికి అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు.

కృష్ణజింకల సంగతి వేరు. కాపలా దొరికింది, పక్కనే పచ్చటి పైరు దొరికింది. వందల్లోకి పెరిగాయి. మందలు చేలల్లో పడుతుంటే రైతుకు నిద్ర ఎక్కడిది? జింకల మీద కోపం అభయారణ్యం మీదకు మళ్లింది. పాపం, ఏ చేనూ పాడుచేయని పిట్ట కూడా ఆ కోపంలో వాటా మోయాల్సి వచ్చింది.

ఇప్పుడు బట్టమేకను చూశామనేవాళ్లు అరుదు. చలికాలం సాయంత్రాల్లో మాత్రం ఉత్తరాది దేశాల నుంచి వలస వచ్చిన పిల్లిగద్దలు గుంపులుగా తిరిగి తిరిగి ఈ గడ్డిలోనే దిగుతాయి, నేల మీదే నిద్రపోతాయి. వాటికీ కొమ్మ అక్కర్లేదు.