మద్రాసు ట్రయల్, సుగ్గి బతుకు

క్షయ వస్తే శానిటోరియంలో చేరి, మంచం మీద ఉండి, మంచి తిండి తింటేనే నయమవుతుందని ఒకప్పుడు డాక్టర్లే నమ్మేవారు. రాయలసీమలో అందుకు పేరుపడింది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. అయితే దేశంలో రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో ఉండేవి.

1956లో మద్రాసులో మొదలైన క్లినికల్ ట్రయల్ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. 193 మంది పేద రోగులను చీటీలు తీసినట్టు రెండుగా విడదీసి, కొందరిని శానిటోరియంలో చేర్చారు, మిగతావారికి ఇంటి దగ్గరే అవే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. ఇరుకిళ్లు, అరకొర తిండి. అయినా ఏడాది తిరిగేసరికి ఇళ్ల దగ్గర 86 శాతం, శానిటోరియంలో 92 శాతం మందికి గుణం కనిపించింది. అయిదేళ్లకు ఆ కాస్త తేడా కూడా చెరిగిపోయింది. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటుకోవడమూ పెరగలేదు. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఇంటి వైద్యాన్నే నమ్ముకుంది.

ఆ ట్రయల్‌లో సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇళ్లకు వెళ్లేవారు, మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. ఊళ్లకు ఫలితం చేరినంత సులువుగా ఈ కాపలా చేరలేదు. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు పనుల్లేని నెలల్లో కుటుంబాలు సుగ్గికి, అంటే గుంటూరు మిరప కోతలకు తరలిపోతాయి. క్షయ మందులు ఇప్పుడు కనీసం ఆరు నెలలు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, కూలి పిలుస్తుంది. ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగుకు మారుతుంది. ముందే చెప్పకపోతే భయపడి మాత్రలు మానేసేవాళ్లూ ఉంటారు. క్షయ రోగుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదైన నంబరు చూపిస్తే వెళ్లిన చోటి ప్రభుత్వాసుపత్రిలోనూ మందులు తీసుకోవచ్చు. ఈ ముక్క బస్సెక్కకముందే చెప్పాలి.

మద్రాసు ఫలితం విని తిండితో పనిలేదనుకుంటే పొరపాటు. అక్కడ తేల్చింది శానిటోరియం అవసరమా కాదా అన్నది. 2019-22 మధ్య జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ ట్రయల్ అడిగిన ప్రశ్న వేరు. రోగులందరికీ నెలనెలా పది కిలోల సరుకులు ఇస్తూ, సగం కుటుంబాల్లో ఇంటిల్లిపాదికీ అదనంగా రేషన్ ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ప్రభుత్వం రోగికి తిండి కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరులో 1,000 చేసింది. జార్ఖండ్ సరుకులే కావాలని లేదు. కొర్రలు, కందిపప్పు, బుడ్డలు (కడప వైపు శెనక్కాయలు) ఈ నేల మీద పండేవే.

ఆ జార్ఖండ్ ట్రయల్‌లోనే, మొదటి రెండు నెలల్లో బరువు అయిదు శాతం పెరిగినవారిలో మరణాలు బాగా తక్కువ. నలభై కిలోల మనిషికి అది రెండు కిలోలు. ఆ తూకానికి కావలసింది ఆశా కార్యకర్త చేతిలో ఒక కాటా.